గుత్తి కోట: కొండ మీది నీళ్ళు, కొండ కింది చరిత్ర

అనంతపురం పట్టణానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు, బళ్ళారి, కడప వైపుల నుంచి వచ్చే పాత బాటలు కలిసేచోట గుత్తి ఉంది. ఊరి చుట్టూ బండ కొండలు వలయంగా నిలబడి ఉంటాయి. ఒక కొండకూ మరో కొండకూ మధ్య ఖాళీలను గోడలతో పూడ్చి, ఆ వలయాన్నంతా కింది కోటగా మార్చారు. పాత గుత్తి ఆ గోడల లోపలే పెరిగింది. వలయంలో అన్నిటికంటే ఎత్తైన కొండ మీద పైకోట ఉంది. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు రెండు వేల అడుగుల పైచిలుకు, చుట్టూ ఉన్న మైదానం నుంచి కొలిస్తే సుమారు 300 మీటర్లు. కోట ఆకారాన్ని శంఖంతో పోల్చి చెప్పడం పరిపాటి. పైకి చేరేలోగా 15 ముఖద్వారాలు వస్తాయని లెక్క. ఇంతవరకు ఏ పర్యాటక కరపత్రంలోనైనా ఉండే సమాచారమే. ద్వారాల సంఖ్య, గోడల ఎత్తు, ఏలిన వంశాల వరస చెప్పి ముగిస్తే మాత్రం గుత్తి మనకు సగమే అర్థమవుతుంది. ఈ నేలలో ఒక కోట ఎందుకు నిలబడింది, ఎందుకు పడిపోయింది అన్నదానికి జవాబు గోడల దగ్గర కంటే నీళ్ళ దగ్గరే ఎక్కువగా దొరుకుతుందన్నది ఈ వ్యాసం వాదన.

మన పెద్దలు కోటలను జలదుర్గం, స్థలదుర్గం, గిరిదుర్గం, వనదుర్గం అని విభజించారు. ఆ లెక్కన గుత్తి గిరిదుర్గమే, అందులో తగవు లేదు. అయితే ఈ విభజన శత్రువును ఆపేది ఏమిటో చెబుతుంది కానీ, లోపలివాళ్ళను బతికించేది ఏమిటో చెప్పదు. చుట్టూ సముద్రమే కందకంగా ఉన్న కొంకణ తీరపు జంజీరా కోటను చూడండి. ఆ కోట లోపల మంచినీటి చెరువులు లేకపోతే చుట్టూ ఉన్న అంత నీరూ దాన్ని కాపాడేది కాదు. ఉప్పునీటి మధ్య కట్టినా, ఉడుకురాతి మీద కట్టినా కోటకు మొదటి అవసరం తాగే నీళ్ళే. తీరంలో ఆ సంగతి కంటికి వెంటనే ఆనదు. ఏటి ఒడ్డున ఉన్న కోటలో అసలు ఆనదు. అనంతపురం పీఠభూమిలో మాత్రం మరో సంగతి కనిపించదు.

ఈ ప్రాంతానికి ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి, బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య మేఘాలు ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. ఉన్న వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. ఎండకు ఆవిరయ్యే నీరు పడే వానకు మూడు నాలుగింతలు. ఇలాంటి చోట రాతికొండ శాపమని ఎవరైనా అనుకుంటారు. కోట కట్టేవాడికి అది వరం. మట్టినేల మీద పడిన చిన్న వాన మట్టిలోనే ఇంకిపోతుంది. నున్నటి నల్లరాతి బండ మీద పడితే అదే వాన జారి పల్లంలోకి చేరుతుంది. లెక్క వేసి చూద్దాం. ఎకరా బండ మీద ఏడాదిలో 550 మిల్లీమీటర్లు కురిస్తే దాదాపు 22 లక్షల లీటర్లు. అందులో సగమే రాతి పల్లాల్లోకి, గుండాల్లోకి చేరిందనుకున్నా 11 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున వెయ్యిమందికి పది వేల లీటర్లు కావాలి. అంటే ఒక్క ఎకరా బండ వెయ్యిమందిని మూడున్నర నెలలు సాకగలదు. ఇది గుత్తి కొండను కొలిచి వేసిన లెక్క కాదు, రాతి కొండకు ఉండే శక్తి ఎంతో తెలియడానికి వేసిన లెక్క. దీనికి రెండు షరతులున్నాయి. ఆ ఏడు వాన పడాలి. పడిన నీరు ఎండకు ఎగిరిపోకుండా లోతుగా, ఇరుకుగా, వీలైతే నీడన నిలవాలి.

కొండ మీద కనిపించే కట్టడాలు ఈ రెండో షరతుకు జవాబులుగా అర్థమవుతాయి. దారి పొడవునా, పైకోటలోనూ బండలో తొలిచిన బావులు, సహజంగా ఏర్పడిన పల్లాలకు రాతికట్టు కట్టి లోతు పెంచిన గుండాలు ఉన్నాయి. రాయలసీమలో ఇలాంటి రాతి పల్లాలను దొనలంటారు. పశువుల కాపరి మొదలుకొని పాళెగాని దాకా వేసవిలో అందరి చూపూ వాటి మీదే ఉండేది. పైకోట బావి కింది వాగుతో కలిసి ఉందని, అందుకే ఎండదని స్థానికంగా చెప్పుకుంటారు. మూడు వందల మీటర్ల దిగువనున్న వాగు నీరు తనంతట తాను రాతిలో ఎగబాకి పైకి రాదు. ఈ మాట నమ్మనక్కర లేదు కానీ, కొట్టిపారేయనక్కర కూడా లేదు. కొండ మీద నీళ్ళు ఉండడం చూసేవాళ్ళకు ఎంత వింతగా తోచిందో ఆ కథే చెబుతోంది. పైన వ్యాయామశాలగా, మందుగుండు కొట్టుగా చెప్పే కట్టడాలున్నాయి. కొండ అంచున, సున్నపు గచ్చు నునుపుగా తీర్చిన చిన్న మంటపం ఒకటి ఉంది. ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడి పేర దాన్ని మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడని ప్రతీతి. ఆ అంచు నుంచి చూస్తే కింది ఊరంతా, దాని అవతల ఎర్రనేలలూ కనిపిస్తాయి. ఎవరు ఏ దారిన వస్తున్నారో తెలియడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ చూపు వల్ల రాగల కీడు తెలుస్తుంది. దాన్ని ఎన్నాళ్ళు తట్టుకోగలమన్నది గుండాల్లోని నీటిమట్టం చెప్పాలి.

శాసనాల ప్రకారం గుత్తి చరిత్ర మనకు కల్యాణి చాళుక్యుల కాలం నుంచి స్పష్టంగా దొరుకుతుంది. 1076 నుంచి 1126 వరకు ఏలిన ఆరవ విక్రమాదిత్యుని కాలపు కన్నడ శాసనాలు కోటలో ఉన్నాయి. విజయనగర స్థాపకుల్లో ఒకడైన బుక్కరాయల కాలపు శాసనం దీన్ని దుర్గాలకు రాజుగా కీర్తించింది. ఆస్థాన కవులు ప్రతి కోటనూ పొగుడుతారు కదా అనవచ్చు. నిజమే. అయినా ఈ పొగడ్తకు ఒక లెక్క ఉంది. తుంగభద్ర ఒడ్డున రాజధాని పెట్టుకున్నవాళ్ళకు తూర్పున పెన్నా లోయకూ, ఆ దిగువన కడప, ఉదయగిరి సీమలకూ వెళ్ళే దారి మీద గుత్తి కాపలాగా నిలిచింది. విజయనగరం తర్వాత గోల్కొండ, మొఘల్ అధికారాలు ఈ ప్రాంతం మీదికి వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దంలో కోట మరాఠా ఘోర్పడే వంశం చేతికి చిక్కింది. ఆ వంశంలోని మురారిరావు పేరే ఇప్పటికీ గుత్తికి అంటిపెట్టుకుని ఉంది.

మురారిరావు దక్షిణాదిలో తిరగని రణరంగం లేదు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి గెలుచుకున్నప్పుడు ఆ కోట ఆయనకే అప్పగించారు, 1743లో నిజాం వచ్చి దాన్ని తీసుకునేదాకా అక్కడే ఉన్నాడు. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుకున్న ఇంగ్లీషు సేనాని క్లైవుకు సాయంగా ఆయన గుర్రపు దండు కదిలింది. ఆ దండును అద్దెకిచ్చినా, దోపిడీకి పంపినా, చివరికి అది తిరిగొచ్చే గూడు గుత్తే. హైదర్ అలీ మైసూరులో బలపడి ఉత్తరానికి చేతులు చాస్తున్న కాలంలో ఇలాంటి పొరుగువాడిని బతకనివ్వడం కష్టం. 1775 చివరలో మైసూరు సైన్యం గుత్తిని చుట్టుముట్టింది. కింది కోట పడిపోయాక సైనికులు, ఊరివాళ్ళు, పశువులు, గుర్రాలు పైకోటలోకి చేరారు. సంధి మాటలు నడిచాయి, తెగలేదు. గుండాలు అడుగంటాయి. 1776లో మురారిరావు లొంగిపోయాడు. హైదర్ ఆయన్ను కబ్బాళదుర్గానికి పంపాడు, అక్కడే చనిపోయాడు. దక్కనులో ఎవరికీ లొంగనివాడిగా పేరున్న మనిషిని ఓడించింది ఫిరంగి కాదు, దాహం.

ఇందాకటి లెక్కను ఇక్కడికి తెస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. గుర్రం రోజుకు 30 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. వెయ్యిమంది మనుషులకు ఐదు వందల గుర్రాలు తోడైతే రోజు ఖర్చు పది వేల లీటర్ల నుంచి ఇరవై ఐదు వేలకు పెరుగుతుంది. మూడున్నర నెలల నీరు నెలన్నరలోపే అయిపోతుంది. మైదానంలో మురారిరావుకు బలమైన గుర్రపు దండే కొండ మీద బరువైంది. గిరిదుర్గం కాల్బలానికి కట్టినది, కొద్దిమంది కావలివాళ్ళతో ఎక్కువ కాలం నిలవడానికి కట్టినది. ఊరినీ దండునూ కలిపి అందులో నింపితే, ఎంత బలంగా గోడలున్నా, దాని ఆయువు గుండం లోతును బట్టి ఉంటుంది.

దీనికి ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. మురారిరావు ఒంటరి అయ్యాడు, పూనాలో ఆ రోజుల్లో వారసత్వ తగాదాలు నడుస్తున్నాయి, సాయం రాలేదు, హైదర్ సైన్యం పెద్దది. నీళ్ళున్నా ఏదో ఒకనాటికి కోట పడేదే కదా? పడేదేమో. అయితే ముట్టడిలో ఆ ఏదో ఒకనాడు అన్న మాటకే విలువ. ముట్టడి వేసినవాడికీ తిండి కావాలి, మేత కావాలి, వెనకాల తన రాజ్యంలో అలజడి లేకుండా ఉండాలి. కొన్ని నెలలు నిలిస్తే లెక్కలు మారిపోతాయి. ఉమ్మడి అనంతపురంలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పెనుకొండను ముట్టడించాడు. రెండవ వేంకటపతిరాయలు సంధి పేరుతో కొద్ది రోజుల వ్యవధి సంపాదించి, ఆ వ్యవధిలోనే కోటలోకి మనుషులనూ సరుకులనూ చేర్చాడని చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. వానకాలం దగ్గరపడుతోంది, కృష్ణ పొంగితే వెనుదారి మూసుకుపోతుందన్న భయంతో సుల్తాను ముట్టడి ఎత్తేశాడు. పెనుకొండ రాబోయే వాన వల్ల బతికింది, గుత్తి రాని వాన వల్ల పడింది. అదే హైదర్ 1779లో గెలుచుకున్న చిత్రదుర్గం విషయంలోనూ జనం తలచుకునేది నీళ్ళకు వెళ్ళిన ఆడమనిషినే. రాతి సందులోంచి పాకి వస్తున్న శత్రువులను రోకలితో కొట్టి చంపిన ఒనకె ఓబవ్వ కథ అది. చరిత్రకారులు ఆ కథను ఎలా తూచినా, కోటలో ప్రాణాధారం ఎక్కడుందో జనానికి బాగా తెలుసు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గుత్తి దారుల కూడలిలో ఉంది కాబట్టి కోట వచ్చింది, నీళ్ళ కోసం కాదు అంటారు. దారి మాట కాదనలేం. అయితే ఈ మెట్టనేలలో దారి ఎక్కడ పడుతుంది? బండ్లు, ఎద్దులు, బాటసారులు ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి వెళ్ళాలంటే నడుమ నీళ్ళుండాలి. ఆ సంగతి చాలా పాతదని చెప్పే రుజువు గుత్తికి పదిహేను కిలోమీటర్లలోపే, పత్తికొండ దారిలోని ఎర్రగుడి దగ్గర బండల మీదే చెక్కి ఉంది. అక్కడి అశోకుని శాసనాలను 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త లోకానికి తెలియజేశాడు. ప్రధాన శిలాశాసనాలు, లఘు శాసనాలు రెండూ ఒకేచోట ఉన్న అరుదైన స్థలం ఇది. లఘు శాసనంలో కొంతభాగం, నాగలి సాలు గట్టు దగ్గర మలుపు తిరిగినట్టు, ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. లిపి నిపుణులు ఆ మలుపు గురించే ఎక్కువగా మాట్లాడతారు. మన వాదనకు కావలసింది రెండవ ప్రధాన శాసనం. మనుషులకూ పశువులకూ వైద్యం, మందుమొక్కలు, దారుల వెంట చెట్లు, బావులు ఏర్పాటు చేసినట్టు అశోకుడు అందులో చెప్పుకున్నాడు. ఆ శాసనం దేశంలో ఇతర చోట్లా ఉంది, ఎర్రగుడికే రాసినది కాదు. అయినా పచ్చని గంగామైదానంలో ఆ వాక్యం ఒక పుణ్యకార్యంగా వినిపిస్తుంది. ఇక్కడ అది రాజ్యం నడిచే పద్ధతిగా వినిపిస్తుంది. నీళ్ళున్న దారే దారి. ఆ దారిని కాసేదే కోట. రెండింటినీ విడదీసి ఏది ముందని అడగడంలో అర్థం లేదు.

విజయనగర కాలానికి వస్తే నీటి పని రాజకార్యంగా శాసనాల్లోకి ఎక్కింది. అందులో మేటి, పెనుకొండకు సంబంధించిన కల్లూడి శాసనం. ఇప్పుడది కర్ణాటకలోని గౌరిబిదనూరు పక్కన ఉంది. 1388 ప్రాంతంలో రెండవ హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉంటూ, పెన్నేటి నీటిని పెనుకొండకు తీసుకురమ్మని సింగాయ భట్టును ఆజ్ఞాపించాడు. సింగాయ భట్టు శాసనంలో జలసూత్రం తెలిసినవాడిగా, అనేక విద్యల్లో ఆరితేరినవాడిగా కనిపిస్తాడు. ఆయన కాలువ తవ్వి సిరివెర చెరువుకు నీరు చేర్చి, కాలువకు యువరాజు పేరు పెట్టాడు. ప్రాణులకు నీరే ఆధారమన్న ఆలోచనతో, ప్రజల క్షేమం కోసం ఈ పని చేసినట్టు శాసనం భావం. ఇక్కడ ఆగి చూడవలసిన వివరం ఒకటుంది. కోట గోడ కట్టిన తాపీవాడి పేరు మనకు తెలియదు. కాలువ తీసిన ఇంజనీరు పేరు రాతి మీద ఆరు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. ఆనాటి పాలకులు ఏ పనిని గొప్పదిగా ఎంచారో తెలియడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పక్కనే కడప సీమలో, 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం మరో అడుగు ముందుకేసింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో వివరంగా ఉన్నాయి. రెండేళ్ళపాటు వెయ్యిమంది పనిచేశారని కూడా ఉంది. అది శాసన రూపంలో ఉన్న పాఠ్యపుస్తకం.

అనంతపురం ఊరే చెరువు వెంట పుట్టింది. 1364లో, బుక్కరాయల కాలంలో, చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేసి చెరువు కట్టించాడని, కట్టకు రెండు కొసలా అనంతసాగరం, బుక్కరాయసముద్రం వెలిశాయని సంప్రదాయ చరిత్ర. సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సీమలో ఊళ్ళకు సాగరాలు, సముద్రాలు అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లలో గర్వమూ ఉంది, దిగులూ ఉంది. దిగులు ముసలమ్మ కథలో బయటపడింది. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే, ఊరిని కాపాడడానికి బలి కావాలన్న మాటకు తలవంచి ఒక పడుచు కోడలు నీళ్ళలోకి నడిచిపోయిందన్నది కథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి వస్తువు ఇదే. చెరువు కట్టే రాజుల పేర్లు రాళ్ళ మీద, చెరువు అడిగిన ప్రాణాల పేర్లు జనం నోళ్ళలో నిలవడం యాదృచ్ఛికం కాదు.

ఈ కథే మూడో అభ్యంతరానికి దారి తీస్తుంది. చెరువులను, కాలువలను రాజుల ఔదార్యంగా పొగడడం సరే, తవ్వింది ఎవరు, శిస్తు కట్టింది ఎవరు, నీరు ముందు ఎవరి మడికి పారింది? కోటలోని గుండం కోటలోనివాళ్ళదే కదా? ఇందులో నిజముంది, దాచనక్కర లేదు. నీరు పంచే నీరుగంటి, కట్ట మీద మట్టి పోసే కూలి, తూము కింది రైతు ఒకే మెట్టు మీద లేరు. అయినా ఆ వ్యవస్థలో ఒక కట్టుబాటు ఉండేది. చెరువు కట్టినవాడికీ, తెగినదాన్ని బాగుచేసినవాడికీ దాని కింది భూమిలో కొంత దశబంధం ఇనాముగా ఇచ్చేవారు. ఇనాము తినేవాడు కట్టనూ తూమునూ మరవనూ చూసుకోవాలి. కోటలోని అధికారికి శిస్తు రావాలంటే చెరువు నిండాలి, చెరువు నిండాలంటే కట్ట నిలవాలి. ధర్మబుద్ధి ఉన్నా లేకపోయినా అవసరం ఆ రెండింటినీ కట్టిపడేసింది. 1800లో ఈ సీమ దత్తమండలాలుగా ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాక ఆ ముడి సడలింది. శిస్తు నేరుగా రైతు నుంచి వసూలయ్యే రైత్వారీ పద్ధతి వచ్చింది, చెరువు మరమ్మతు దూరాన ఉన్న కచేరీ కాగితాల్లో పడింది. 1876లో మొదలైన ధాత కరువు నాటికి ఈ పీఠభూమి ఎంత బలహీనపడిందో ఆ కరువు చావులే చెప్పాయి. కరువుకు వాన లేకపోవడమే మూలం, అది కంపెనీ తెచ్చినది కాదు. కానీ వాన లేని ఏడాదిని దాటించే సాధనాలు అంతకుముందే చిక్కిపోయాయి.

రైత్వారీని ఇక్కడ నిలబెట్టిన థామస్ మన్రో కథా గుత్తి కొండ కిందికే వచ్చి చేరింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో, 1827లో పదవి విడిచి వెళ్ళేముందు ఈ ప్రాంతాన్ని మళ్ళీ చూడాలని వచ్చాడు. జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శరీరాన్ని గుత్తికి తెచ్చి కోట పాదం దగ్గరి ఆంగ్లేయుల శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు సెంట్ మేరీ చర్చికి తరలించారు. మద్రాసులో ఆయనకు గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం లేచింది. పత్తికొండలో ఆయన పేర మెట్ల బావి తవ్వి, చెట్ల తోపు వేశారు. గుత్తిలో సత్రం కట్టారు. చెడిన నీటి వల్ల వచ్చే రోగంతో పోయిన మనిషికి మంచినీటి బావి స్మారకమైంది. అశోకుడు చెప్పిన బావి, చెట్టు రెండు వేల ఏళ్ళ తర్వాత అదే దారిలో మళ్ళీ కనిపిస్తాయి. పాలకులు మారారు, ఈ నేల అడిగింది మారలేదు.

చుట్టుపక్కల చూడదగ్గవి ఇంకా ఉన్నాయి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం పేరే ఊటబుగ్గను చెబుతుంది. అక్కడి శిల్పం విజయనగర పనితనంలో అగ్రశ్రేణిది, చింతల వెంకటరమణాలయంతో కలిపి చూడాలి. వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం వెతుకుతారు. వాన మట్టిని కడిగితే తప్ప ఆ రాళ్ళు మెరవవు. కొనకొండ్ల జైనాచార్యుడు కుందకుందుని ఊరని జైనుల నమ్మకం. పశ్చిమాన రాయదుర్గం, దక్షిణాన పెనుకొండ గగనమహలు, లేపాక్షి వీరభద్రాలయం గుత్తికి దూరమైనా అదే వరుసలోవి. లేపాక్షిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

గుత్తి కోట భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. 2010 సవరణ తర్వాత చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. గోడను కొలమానంగా పెట్టుకున్న చట్టం ఇది. గోడ పడిపోకుండా కాపాడడానికి పనికొస్తుంది. దొనలోకి నీటిని తెచ్చే బండవాలు, గుండంలో పూడిక, కొండ దిగువ వంకల దారులు దాని చూపులో లేవు. పూడిపోయిన గుండానికీ కూలిన బురుజుకూ ఒకే విలువ ఇచ్చేదాకా ఈ కోటల రక్షణ అసంపూర్ణమే. గుండాల్లో పూడిక తీసి, వాటి కొలతలు, నీరు నిలిచే నెలలు నమోదు చేయడం పెద్ద ఖర్చు కాదు. పీఠభూమిలోని ప్రతి గిరిదుర్గానికీ ఆ పని ముందు జరగాలి. గుత్తికి వెళ్ళదలచిన పాఠకులు కార్తీకంలో, వానలు పడి గుండాల్లో నీళ్ళున్నప్పుడు వెళ్ళాలి. పొద్దున్నే కొండ ఎక్కి, అదే రోజు ఎర్రగుడి శాసనాలు కూడా చూసి రావచ్చు. తాగడానికి నీళ్ళు మాత్రం కింది నుంచే పట్టుకెళ్ళండి.